వెనుక చక్రపు చప్పుడు

(నంద్యాలలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు ఒక విశ్రాంత పారిశ్రామిక శిక్షణ బోధకుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో పన్నుల వసూలును గూర్చియు, త్రాగునీటి పథకములను గూర్చియు, గ్రామసభల నిర్వహణను గూర్చియు పెద్దలు మీకు చెప్పియున్నారు. నాకు నియమింపబడిన విషయము వానితో పోల్చినచో మిక్కిలి చిన్నది. మోటారు సైకిలు వెనుక చక్రమునుండి వింత చప్పుడు వచ్చినప్పుడు దాని కారణమును కనుగొనుట యెట్లు అనునదే నేను చెప్పవలసినది. ఈ యుదయము మీలో ఎందరు మోటారు సైకిళ్లపై వచ్చితిరో చేతులెత్తుడని అడిగితిని. ఇద్దరు ముగ్గురు తప్ప అందరును ఎత్తితిరి. వెనుక చక్రము ఎన్నడును చప్పుడు చేయనివారు మాత్రము చేతులు దింపుడంటిని. ఒక్క చేయియు దిగలేదు. కావున విషయము చిన్నదైనను మన అందరిదియు.

మన పెద్దలకు చక్రపు చప్పుడు క్రొత్త కాదు. ఎద్దుబండి ఇరుసు కిర్రుమన్నచో బండివాడు దిగి, కందెన బుడ్డి విప్పి, ఆముదముతో కలిపిన గడ్డిమసిని ఇరుసునకు పట్టించెడివాడు. ఆ కిర్రు వినియే ఏ ప్రక్క చక్రము ఎండినదో చెప్పగలవారుండిరి. అయితే ఎద్దుబండికి చప్పుడొక్కటే, మందొక్కటే. మోటారు సైకిలు వెనుక చక్రము వద్ద అట్లు కాదు. అచ్చట చైను, దానిని లాగు పండ్ల చక్రము, ఆ చక్రము వెనుకనుండు రబ్బర్లు, బేరింగులు, బ్రేకు షూలు, పుల్లలు, టైరు, షాకులు, మడ్‌గార్డు, చైను పెట్టె, ఇవన్నియు మూరెడు చోటులో చేరియుండును. ఒకదాని మూలుగు మరొకదాని మూలుగువలె వినవచ్చును. తెలిసినవాడును పొరబడును.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్టు తయారీ మొదలైన నాళ్లలో మోటారు సైకిలు గల యిండ్లను మన పల్లెలలో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 1985లో హీరో హోండా సీడీ 100 వెలువడిన పిమ్మట, కొద్ది పెట్రోలుతో నడచు చిన్న బండ్లు క్రమముగా పల్లెలకు ప్రాకినవి. వీని ఇంజనులు నెమ్మది గలవి. వెనుకటి బుల్లెట్టు, రాజదూతుల ఇంజను మ్రోతలో వెనుక చక్రము ఎంత మొరపెట్టినను వినవచ్చెడిది కాదు. ఇప్పుడు వినవచ్చుచున్నది. దీనిని నేను మేలుగానే ఎంచుదును.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినది మొదలు, పూర్వము జిల్లా కచేరీ పనులకు కర్నూలు వరకు పోవలసిన ఆళ్లగడ్డ ప్రాంతమువారు నంద్యాలకే వచ్చి పోవుచున్నారు. భార్యనో, బిడ్డనో, విత్తనపు సంచినో వెనుక నిడుకొని బయలుదేరుచున్నారు. ఆ బరువులో పెద్ద పాలు వెనుక చక్రము మీదనే పడును. ముందు చక్రమునకు లేని మరొక పని దానికి కలదు: బండిని త్రోయు బలమంతయు దాని గుండానే నేలకు చేరవలెను.

నేను పారిశ్రామిక శిక్షణ సంస్థలో ఫిట్టరు పనిని పెక్కేండ్లు బోధించినవాడను. బేరింగనగా నేమో, అది ఏల చెడునో నల్లబల్లపై బొమ్మలు గీసి కుర్రవాండ్రకు చెప్పితిని. అట్టి నేను నా బండి విషయమున ఎట్లు మోసపోయితినో ముందు చెప్పి, పద్ధతిని పిమ్మట చెప్పుదును.

ఒక వేసవిలో నా బండి వెనుకనుండి, వేగము గంటకు 40 కిలోమీటర్లు దాటగానే, తుమ్మెద ఝంకారమువంటి మ్రోత యొకటి మొదలైనది. ఒక మెకానిక్కు వద్దకు పోయితిని. అతడు చైనును వ్రేలితో కదల్చి చూచి, "చైన్ అయిపోయింది సార్, సెట్టు మార్చాల" అనెను. చైనును, రెండు పండ్ల చక్రములను మార్పించితిని. రెండు దినములు కొంత నెమ్మదించినట్లు తోచినది. తోచినది అంటిని, డబ్బు వెచ్చించినవాని చెవి కొంతకాలము ఆ ఖర్చు పక్షముననే సాక్ష్యము చెప్పును. వారము తిరుగక మునుపే ఝంకారము మరల వచ్చెను. రెండవ మెకానిక్కు బ్రేకు షూలు మార్చెను. మూడవ పర్యాయము షాకుల రబ్బరు బుష్షులు మారినవి. మ్రోత మాత్రము మారలేదు. పైగా మలుపులలో బండి ఒరిగినప్పుడు గరగరమను మరొక స్వరము దానికి తోడయ్యెను.

ఆ ముగ్గురిని నేను తప్పుపట్టను. "వెనకాల చప్పుడు వస్తా ఉంది, చూడప్పా" అని మాత్రమే వారితో చెప్పితిని. ఎప్పుడు, ఎంత వేగమున, ఏ మలుపున అని వారడుగలేదు, నేను చెప్పలేదు. జ్వరము వచ్చినదని మాత్రము చెప్పి మందు తెచ్చుకొన్నట్లయినది.

ఇట్లుండగా ఆళ్లగడ్డలో బంధువుల యింట పెండ్లి వచ్చినది. నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని నంద్యాలనుండి బయలుదేరితిని. మీకు తెలిసిన దారియే. 40వ నంబరు జాతీయ రహదారి, శిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. ఎడమ చేతివైపున దూరముగా నల్లమల కొండలు. బండి నడుపువాని చూపు కొండలపైకి పోవలసిన చోట నా చెవి వెనుక చక్రము మీదనే యుండెను. శిరివెళ్ల సమీపించునప్పటికి గరగర హెచ్చి, కాలి క్రిందనుండు కడ్డీ వరకు అదురు తెలియజొచ్చెను. నా భార్య నా భుజము తట్టి, "ఆపండి, నా కాళ్ల కింద ఏందో నలుగుతా ఉంది" అనెను.

మూడు మరమ్మతులకంటె ఆ మాటలో విషయ మెక్కువగా నుండెను. ఆమె రెండు కాళ్లును ఎడమ ప్రక్కనే యున్నవి. చప్పుడు ఎడమ ప్రక్కదని ఆమె కాళ్లకు తెలిసినది. చైనుండునదియు ఎడమ ప్రక్కనే. బ్రేకు డ్రమ్ము కుడి ప్రక్కన నున్నది. దిగి, చక్రము నడిమి భాగమును వ్రేలికొనతో తాకి చూచితిని. కుడి ప్రక్కన బ్రేకు డ్రమ్ము గోరువెచ్చగా నుండెను. ఎడమ ప్రక్కన, చైను చక్రము నడుమ, చురుక్కుమనెను.

ఆమెను ఆర్.టి.సి. బస్సు ఎక్కించితిని. బండిని కూడ ఏదైన ట్రాలీ ఆటోలో వేయింపవలసినది. ముహూర్తపు వేళ మించునను తొందరలో దానిపైననే మెల్లగా ఆళ్లగడ్డకు చేరితిని. నేను చేసిన తప్పులన్నిటిలో ఇదియే పెద్దది. బేరింగు చిట్లి చక్రము బిగుసుకొన్నచో, ఆ నాలుగు వరుసల రహదారిపై నా వెనుక వచ్చు లారీకి ఆగుటకు చోటుండదు.

ఆళ్లగడ్డ శిల్పులకు పేరెన్నిక గన్న ఊరు. నాకు దొరకిన మెకానిక్కు దుకాణము విగ్రహములు చెక్కు పాకనొకదానిని ఆనుకొనియుండెను. యజమాని అరువది యేండ్లు దాటిన మనిషి. బండిని చూడకమునుపే నన్ను చూచి, "ఎప్పట్నుంచి సార్?" అని యడిగెను. రెండు నెలలంటిని. "దానికి ముందర ఎవురన్నా ఈ చక్రం ఇప్పినారా?" అని మరల అడిగెను. ఆలోచించితిని. ఔను, అంతకు పది దినముల ముందు దారిలో పంక్చరు పడగా చక్రము విప్పించియుంటిని. ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరును అడుగలేదు. బోధకుడనైన నేనును నన్ను అడుగుకొనలేదు.

ఆయన బండిని సెంటరు స్టాండుపై నెక్కించి, ఇంజను ఆర్పించి, గేరును న్యూట్రలులో నుంచి, ప్రక్క పాకవైపు తిరిగి, "ఒక్క నిమిషం ఆపండప్పా" అని కేక వేసెను. ఉలుల మ్రోత ఆగినది. ఆ నిశ్శబ్దములో చక్రమును చేతితో త్రిప్పెను.

ఆయన చేసిన పరీక్షలను, పిమ్మట నేను నా బండిపై చేసి చూచినవానిని కలిపి ఇప్పుడు చెప్పుదును. అయితే మొదట ఒక హెచ్చరిక. ఇంజను నడుచుచుండగా గేరు వేసి, తిరుగుచున్న చైనును గుడ్డతో తుడుచు అలవాటు మన యూళ్లలో కలదు. గుడ్డతోపాటు వ్రేలు కూడ పండ్ల చక్రములోనికి పోవును. పరీక్షయైనను, నూనె వేయుటయైనను, ఇంజను ఆర్పియే, చక్రమును చేతితో త్రిప్పియే చేయవలెను. పంచె కొంగు, పైట కొంగు దోపుకొనవలెను. చిన్నపిల్లలను దగ్గరకు రానీయరాదు.

బండిని విప్పుటకు ముందు దానిని నడుపుచు వినవలసినది కొంత కలదు. గతుకులలో మాత్రమే లొడలొడమన్నచో అది షాకుల బుష్షులదో, మడ్‌గార్డుదో, వదులైన చైను పెట్టెదో కావచ్చును. వెనుక మనిషి కూర్చున్నప్పుడు మాత్రమే రాపిడి వినవచ్చినచో టైరు మడ్‌గార్డునకు తగులుచున్నదేమో చూడవలెను. రేగడి నేలలలో వానకాలమున మడ్‌గార్డు లోపల మట్టి గట్టిపడి టైరును రాచుట మీరెరిగినదే. పెట్రోలు ఇచ్చినప్పుడు ఒక 'టక్కు', తగ్గించినప్పుడు ఒక 'టక్కు' వచ్చినచో చైను వదులైనదని గాని, చైను చక్రము వెనుక అదురు నాపు డంపరు రబ్బర్లు నలిగినవని గాని అనుమానింపవచ్చును. వెనుక బ్రేకు మెల్లగా త్రొక్కినంతనే చప్పుడు మారినచో బ్రేకు భాగములను ముందు చూడవలెను. ఇందులో ఒక చిక్కు కలదు. 2019 ఏప్రిల్ తరువాత అమ్ముడైన చిన్న బండ్లలో పెక్కింటికి వెనుక బ్రేకు త్రొక్కినచో ముందు బ్రేకు కూడ కొంత పట్టును. అట్టి బండిలో మారిన చప్పుడు ముందు చక్రమునది కావచ్చును.

క్లచ్చి పట్టి బండిని ఊరక పోనిచ్చినప్పుడు చప్పుడు ఆగినచో దోషము ఇంజనులోనిదనియు, ఆగనిచో చక్రములోనిదనియు చాలమంది చెప్పుదురు. మొదటిది చాలవరకు నిజము. రెండవదానిలోనే మోసము. క్లచ్చి పట్టినను, న్యూట్రలులో నుంచినను, వెనుక చక్రము తిరుగుచున్నంతసేపు చైను కూడ తిరుగుచునే యుండును. ముందరి చిన్న పండ్ల చక్రమును, దాని వెనుక గేరు పెట్టెలోని ఇరుసును అది త్రిప్పుచునే యుండును. కావున చప్పుడు చైనుదా చక్రముదా అనునది దీనివలన తేలదు. దానిని తేల్చుటకు ఒకటే దారి. చైనును విప్పి ప్రక్కన పెట్టి, చక్రమును ఒంటరిగా త్రిప్పి వినవలెను. నా మొదటి మెకానిక్కు ఈ పది నిమిషముల పని చేసియున్నచో నాకు చైను ఖర్చు తప్పియుండెడిది. మరల తగిలించునప్పుడు చైను లాకు క్లిప్పు మూసియున్న కొన చైను పోవు దిక్కునకు, చీలికగల కొన వెనుకకు ఉండవలెను. త్రిప్పి పెట్టినచో దేనికైన తగిలి ఊడిపోవు ప్రమాదము కలదు.

ఇక సుద్దముక్క పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. టైరు ప్రక్కన సుద్దతో ఒక గీత గీయుడు. నిశ్శబ్దమైన చోట బండిని మెల్లగా నెట్టుచు పొండు. చప్పుడు వచ్చినప్పుడెల్ల గీత ఎచ్చట నున్నదో చూడుడు. 18 అంగుళముల చక్రము ఒక చుట్టు తిరిగినచో బండి సుమారు 1.9 మీటర్లు, అనగా ఆరడుగులకు కొంచెము పైగా, ముందుకు పోవును. ప్రతి చుట్టులో గీత ఒకే తావునకు వచ్చినప్పుడు 'టక్కు' మన్నచో దోషము చక్రమును అంటుకొనియున్నది: టైరులో గ్రుచ్చుకొన్న రాయి, మేకు, వంగిన డ్రమ్ము, వదులైన పుల్ల. ఈ పరీక్షనే బండిని స్టాండుపై నెక్కించి చేసినప్పుడు చప్పుడు మాయమైనచో అది చాలవరకు టైరులోని రాయియే. నేలకు తగులనిదే అది పలుకదు. చప్పుడు గీతను లెక్కచేయక, సుమారు రెండున్నర మూడు చుట్లకు ఒకసారి వచ్చుచున్నచో చైనులో ఒక లంకె బిగుసుకొనియున్నదని తెలియవలెను. వెనుక పండ్ల చక్రమునకు 42 పండ్లు, చైనుకు 112 లంకెలు ఉన్నవనుకొందము. చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి చైను 42 లంకెలే కదలును. అందుచేత చైను ఒక పూర్తి చుట్టు తిరుగుటకు చక్రము 2 చుట్లు దాటి మూడింట రెండు వంతులు తిరుగవలెను. అట్లుగాక చక్రపు ఒక్క చుట్టులో మూడుమార్లు చప్పుడైనచో, 14 పండ్ల ముందరి చక్రమును చూడవలెను. అది వెనుక చక్రము ఒకమారు తిరుగులోపల మూడుమార్లు తిరుగును. మీ బండి అంకెలు కొంచెము వేరుగా నుండవచ్చును. పండ్లను ఒకమారు లెక్కపెట్టుకొన్నచో జీవితాంతము చాలును.

చప్పుడు లెక్కకు చిక్కక ఎడతెగని రాపిడిగా వచ్చుచున్నచో బేరింగును గాని, పట్టియున్న బ్రేకును గాని అనుమానింపవలెను. గంటకు 36 కిలోమీటర్ల వేగమున వెనుక చక్రము సెకనుకు ఐదుమార్లకు పైగా తిరుగును. ఆ వేగమున విడివిడి టక్కులను చెవి లెక్కింపజాలదు. అందుకే మెల్లగా నెట్టి వినుమనుచున్నాను.

నా బండి టక్కుమనలేదు. చేతితో త్రిప్పినప్పుడు, ఇసుక మీద రోలు దొర్లించినట్లు సన్నని గర వినవచ్చెను. పెద్దాయన పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇరుసు ప్రక్కన కదలని ఇనుప చట్రముపై ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని వినెను. కుడి ప్రక్క వినెను, ఎడమ ప్రక్క వినెను. నాకు కూడ వినిపించెను. కుడి ప్రక్క నున్నని సవ్వడి. ఎడమ ప్రక్క గరుకు. పిమ్మట చక్రమును పైన నొక చేత, క్రింద నొక చేత పట్టి అటు నిటు ఊపెను. ఇరుసు ప్రక్క చట్రమును నన్ను పట్టుకొమ్మనెను. చట్రము కదలక చక్రము మాత్రము కదలినచో బేరింగు పోయినట్లు. చట్రముతో సహా కదలినచో ఆ చట్రపు బుష్షు అరిగినట్లు. నా చక్రము కొద్దిగా కదలెను. పండ్ల చక్రమును వేరుగా పట్టి ఊపగా అది ఇంకను ఎక్కువగా కదలెను.

ఊరకుండక ఆయన పుల్లలను కూడ చిన్న రెంచితో ఒక్కొక్కటిగా తట్టుచు పోయెను. బిగువుగల పుల్ల ఖంగుమనును. వదులైనది బొద్దుగా పలుకును. ప్రక్క పాకలోని శిల్పి రాతిని ఎన్నుకొనునప్పుడు సుత్తితో తట్టి వినునదియు ఇట్లే. పగులున్న రాయి ఖంగుమనదు. పొరుగువాని విద్య ఈయనకు అంటినదో, ఈయన విద్య పొరుగువానికి అంటినదో నేనడుగలేదు.

చక్రము విప్పగా విషయము బయటపడెను. మా బండిలో పండ్ల చక్రమునకు వేరుగా ఒక డ్రమ్మును, దానిలో ఒక బేరింగును కలవు. ఆ బేరింగు నడుమ చిన్న ఇనుప గొట్టము, మన మెకానిక్కులు బుష్షు అందురు, ఉండవలెను. ఇరుసు మరను బిగించినప్పుడు ఆ బిగువును మోయవలసినది ఈ బుష్షే. అది లేనిచో బిగువంతయు బేరింగు లోపలి వలయముపై ప్రక్కనుండి పడును. గుండ్లు తమ గాడిలో నడుమ తిరుగక అంచున ఒరసికొని తిరుగును, వేడెక్కును, గ్రీసు కరగిపోవును, గుండ్లను ఎడముగా నిలుపు రేకు చిట్లును. నా చక్రములో బుష్షు లేదు. రేకు రెండు ముక్కలై యుండెను. పంక్చరు వేసిననాడు చక్రమును నేలపై పరుండబెట్టినప్పుడు ఆ బుష్షు జారిపడగా, మరల ఎక్కించుటకు మరచిరి. చైనుగాని, షూలుగాని, షాకులుగాని ఏ పాపమును ఎరుగవు.

క్రొత్త బేరింగునకు, బుష్షునకు, కూలికి అయిన మొత్తము అంతకు ముందు నేను వెచ్చించినదానిలో పదవ వంతు కూడ కాలేదు. బేరింగు అంచున ఒక అంకె చెక్కియుండును. పాతదానిని వెంట తీసికొనిపోయి, ఆ అంకెను చూపియే క్రొత్తది కొనవలెను. తిరిగి బిగించునప్పుడు ఆయన మూడు పనులను నాచేతనే చేయించెను. ఇరుసునకు రెండు ప్రక్కల గల గీతల గుర్తులు సమముగా నున్నవో లేవో చూపించెను. అవి సమముగా లేనిచో చైను ఒక ప్రక్కకు ఒరసి పండ్లను తినివేయును. చైనును నడుమ వ్రేలితో ఎత్తి ఆట చూపించెను. చిన్న బండ్లకు సుమారు 25 మిల్లీమీటర్లు, అనగా అంగుళము, ఉండుట పరిపాటి. మీ బండితో వచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. చక్రమును త్రిప్పుచు నాలుగు చోట్ల కొలువవలెను, ఏలయన చైను అంతట ఒకే విధముగ అరుగదు. మూడవది, బ్రేకు పళ్లెమును కదలకుండ పట్టియుంచు కడ్డీ మర, దానికి పిన్ను. ఈ మర ఊడినచో బ్రేకు త్రొక్కినప్పుడు పళ్లెమే తిరిగి చక్రము బిగుసుకొనును. చక్రము విప్పి బిగించిన ప్రతిసారి, ఎవరు బిగించినను, మీరు వంగి ఆ మరను చూడుడు.

చైనుకు నూనెను గూర్చి ఒక మాట. కిరోసినుతో తుడిచి, ఆరిన పిమ్మట 90 నంబరు గేరు నూనె పట్టించుట మేలు. ఇంజనులోనుండి తీసిన నల్లని పాత నూనెను పోయువారు కలరు. దానిలోని ఇనుప పొడి, మసి చైనును ఆకురాయివలె అరుగదీయును. డబ్బు మిగిలినట్లే కనబడును, మిగులదు.

మీరు పంచాయతీ సభ్యులు గనుక మీకు ప్రత్యేకముగా చెప్పవలసినది కొంత కలదు. కోతల కాలమున రోడ్లపై వరి, జొన్న, మొక్కజొన్న ఆరబోయుట మనము చూచుచున్నాము. గడ్డిపోచలు, సంచులు కుట్టిన ప్లాస్టిక్ దారములు ఇరుసునకు చుట్టుకొని, బిగుసుకొని, బేరింగునకు దుమ్ము నాపు రబ్బరు మూతను కోయును. వెనుక చక్రమునుండి సర్రుమను చప్పుడు వచ్చినచో ముందు అచ్చట చూడుడు. గింజలపై బండి జారి పడినవారు సరేసరి. కళ్లములకు వేరే చోటు చూపక రోడ్డుపై ఆరబోయవద్దనుట రైతునకు న్యాయము కాదు; కావున ఆ చోటు విషయము గ్రామసభలో మీరే ఎత్తవలసియున్నది. కుందూ పొంగినప్పుడు కాజ్‌వేల మీది నీటిలో బండ్లను నెట్టుకొని పోవుదుము. నీరు ఇరుసును మించినచో బేరింగులలోనికి, బ్రేకు డ్రమ్ములోనికి చేరును. ఆ వారములోనే చక్రము విప్పించి గ్రీసు మార్పించినచో కొన్ని నెలల తరువాతి గరగర తప్పును. బండ్లు కడుగు గొట్టపు నీటిని ఇరుసుకు గురిపెట్టి కొట్టించినను ఇదే ఫలము.

వెనుక చక్రమునకు ఎడమ ప్రక్కనుండు చీర జాలి సంగతి మరువరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 123వ నియమము ప్రకారము, వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకొనకుండ, చక్రములో సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ ఉండవలెను. పాల క్యానులు కట్టుటకు అడ్డమనియో, లొడలొడలాడుచున్నదనియో దానిని తీసివేసినవారు ఈ సభలోనే ఉందురు. లొడలొడలాడుట మర వదులైనందున. మరను బిగింపవలెను గాని జాలిని తీయరాదు. చీర చెరగు ఒకమారు పుల్లలలో పడినచో బండి ఆపులోపలనే మనిషి నేలపై నుండును. చక్రము చేయు చప్పుళ్లలో దీనికి మాత్రము ముందుగా వినబడు చప్పుడు లేదు.

తిరుగు ప్రయాణములో ఆ పంక్చరు దుకాణము వద్ద ఆగితిని. కోపముతోనే ఆగితినని ఒప్పుకొందును. చక్రము విప్పిన కుర్రవానికి పదునారేండ్లుండవచ్చును. నేను విషయము చెప్పగానే లోపలికి పోయి, మరలు, మేకులు నిండిన ఒక డబ్బాను బోర్లించి, దానిలోనుండి నా బుష్షును తీసి చేతిలో పెట్టెను. నేను పోయిన గంటకు నేలపై కనబడినదనియు, ఎవరి బండిదో తెలియక దాచితిననియు చెప్పెను. దానిని పారవేయకుండుటయే గొప్ప. విప్పిన వస్తువులను ఒక గుడ్డపై విప్పిన వరుసలోనే పేర్చుకొనవలెనని అతనికి ఎవరును నేర్పలేదు. నేను ఆ పూట నేర్పితిని; గంటసేపు పట్టినది. మీ యూళ్లలో ఇట్టి దుకాణములు నడుపు కుర్రవాండ్రను సమీపమునగల పారిశ్రామిక శిక్షణ సంస్థకు ఒక్కదినము పంపుటకు పంచాయతీ తీర్మానము చేయగలిగినచో, బోధించుటకు నావంటి విశ్రాంతులు దొరకకపోరు.

ఆ బుష్షు ఇదిగో, ఈ బల్లపై నున్నది. బొటనవ్రేలంత లేదు. చేతులు మారనిచ్చి చూడుడు, క్రింద పడనీయకుడు. సుద్దముక్కలు కూడ తెచ్చితిని. భోజనమునకు ఇంకను అరగంట కలదు. బండ్లు బయట వేపచెట్టు నీడన నున్నవి. చప్పుడు చేయు బండి గలవారు ముందు రండు. సెంటరు స్టాండు గల బండియైనచో మరియు మంచిది.